మాస్టారి కోసం తప్పులు

మిషను తిరగడం మొదలైన కాసేపటికి నాకు కళ్లు మూతలు పడతాయి. అది నిద్రా కాదు, మెలకువా కాదు. నెత్తురు ట్యూబులోంచి బయటికెళ్లి, శుభ్రపడి, చల్లబడి మళ్లీ చేతిలోకి వస్తుంటే, ఎక్కడో సముద్రం ఒడ్డున పడుకున్నట్టుంటుంది. ఆ మగతలో పక్క మంచం మీంచి జగన్నాథరావు మాస్టారి గొంతు వినబడుతూ ఉంటుంది.

"ఇంగ్ రైలెక్కాలంటే ఈ దిగిపోవాల, చిన్నతల్లీ. మేక్ అనే ఇంగ్లీషు మాట చివర ఒక ఈ అచ్చరం కూకున్నాది సూడు. దాన్ని పలాసలో దింపీ. అప్పుడే మేకింగ్ అవుతాది."

నాకు నిజంగానే పలాస స్టేషను కనబడేది. రైలు ఆగేది. ప్రతి పెట్టెలోంచీ ఒక ఈ, తెల్లపంచె కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని, మారు మాట్లాడకుండా దిగిపోయేది. వీళ్లంతా ఎటు పోతారో అడుగుదామనుకునేలోపు రైలు కదిలిపోయేది.

మాది కంచిలి దగ్గర తోటల ఊరు. కిడ్నీలు పాడయ్యేదాకా పలాస ఫ్యాక్టరీలో జీడిపప్పు పొట్టు తీసేదాన్ని. ఇప్పుడు రోజు విడిచి రోజు అదే పలాసకి డయాలసిస్ కోసం వస్తున్నాను. మాస్టారిది బారువ. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. మహా కోపిష్టి. టెక్నీషియన్ ప్రదీప్ సూది రెండోసారి గుచ్చినా పల్లెత్తు మాట అనరు గానీ, గోడ మీద బోర్డులో అక్షరం పొల్లుపోతే మాత్రం వాడి ప్రాణం తోడేస్తారు.

నేను మొదటిసారి వచ్చిన రోజు ఆ సూదులు చూసి ఏడుపు ఆపుకోలేకపోయాను. పక్క మంచం మీంచి ఒక కసురు వినబడింది.

"ఏడుపు తర్వాత. ముందు ఆ సేతిలో కాగితం ఏటది?"

అది మా అమ్మాయి సుష్మ హోంవర్కు. వాళ్లది ఇంగ్లీషు మీడియం. మాటల చివర తోకలు అతికించే పాఠమట, నన్ను చెప్పమని ప్రాణం తీస్తుంటే, దారిలో ఎవరినైనా అడుగుదామని తెచ్చాను. మాస్టారు కాగితం లాక్కుని మొదలుపెట్టారు. మిషను ఎప్పుడు ఆగిందో నాకు తెలియనే లేదు. ఆ రోజు నుంచీ నేనాయన బడిపిల్లని.

"రన్ బుల్లి మాట. ఒక్కర్తీ గడప దాటాలంటే బయం. అందుకని సివరి అచ్చరం తనలాంటి దాన్నే ఇంకోదాన్ని తోడు తెచ్చుకుంటాది. అప్పుడు రన్నింగ్. రెయిన్‌కి ఆ బయం నేదు, దాని మద్దిలో ముందే అచ్చులు ఇద్దరున్నారు."

"మరి క్రై మాస్టారూ?"

"ఆ వై ఉన్నాదే, వేషాలమారిది. క్రైడ్ అన్నప్పుడు ఐ వేషం కట్టెత్తాది. ఇంగ్ వచ్చిందంటే మాత్రం వేషం తీసేసి వైగానే ఉంటాది."

నాకివన్నీ తొందరగానే వచ్చేశాయి. చెప్పేది ఆయన, వినేది సగం కలలో ఉన్న నేను. కళ్లు మూసుకుంటే చాలు, అక్షరాలు తోటలో జీడిచెట్ల కింద చేతులు పట్టుకుని నడుస్తూ కనిపించేవి.

కిటికీ పక్క మంచం పోలయ్యది. కొబ్బరి రైతు. వానలు పడుతున్న రోజుల్లో ఒకసారి, ఇంక నా వల్ల కాదని చెప్పి రావడం మానేశాడు. డయాలసిస్ మానేసినవాళ్లు ఎక్కువ రోజులుండరు. పోలయ్యా ఉండలేదు. ఆ ఖాళీ మంచం వైపు చూస్తూ మాస్టారు, "హాయిగా పోనాడు. నాకూ ఇసుగొచ్చింది చిన్నతల్లీ, మానేత్తాను" అన్నారు. కోపంగా అని ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. నెమ్మదిగా అన్నారు.

నాకాయనంటే ప్రాణం. మా నాన్న పోయాక నన్ను అంత చనువుగా కసిరినవాళ్లు లేరు. ఆయన్ని ఎలా ఆపాలో తెలియక, ఇంటికెళ్లేటప్పుడు ఇంగ్లీషు మాటలు రాసిన ఒక కాగితం ఆయన చేతిలో పెట్టాను.

"ఇది సూసి వచ్చేసారి సెప్పండి మాస్టారూ."

అందులో కమింగ్‌లో ఈని దింపకుండా ఉంచేశాను. రెయినింగ్‌కి రెండు ఎన్‌లు తగిలించాను. వచ్చేసారి ఆయన చిటపటలాడుతూ దిగారు.

"నీ బుర్రలో గుజ్జుందా, జీడిపిక్క తొక్కుందా?"

ఆయన వెనకే వచ్చిన భార్య కామాక్షమ్మ గారు నవ్వుతూ, "నీ తప్పులు తలుసుకుని రాత్రంతా గొణుక్కుంటానే ఉన్నారమ్మా" అన్నారు. నేను తల దించుకున్నాను, లోపల మాత్రం పండగ. అప్పటినుంచీ వెళ్లేముందు ఒక కాగితం, నిండా తప్పులు. సుష్మ చూసి, "నీకొచ్చు కదమ్మా, ఎందుకిలా రాత్తన్నావు?" అని అడిగితే, నీకెందుకే అని తోసేశాను.

మొన్న నేను వెళ్లేసరికి మాస్టారి మంచం ఖాళీగా ఉంది. కామాక్షమ్మ గారికి ఫోన్ చేశాను.

"రానంటన్నారమ్మా. పొద్దున్నుంచీ గోడవేపు తిరిగి పడుకున్నారు. ఆటో వచ్చి ఎళ్లిపోనాది. నేనేటి సెయ్యను?"

ప్రదీప్ నా మిషను పెట్టేశాడు. ఒక చేతికి సూదులు, రెండో చేతిలో ఫోను. ఏదో ఒక తప్పు రాసి పంపుదామంటే ఒక్కటీ తోచలేదు. ఎంతసేపటికీ పోలయ్య మంచమే కళ్లముందు మెదిలింది. ఇక్కడ కూర్చుని ఏడుస్తున్నాను, దయచేసి వస్తూ ఉండండి అని, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో కొట్టి ఆయన ఫోనుకి పంపేసి కళ్లు మూసుకున్నాను.

రైలొచ్చింది. పెట్టెల్లోంచి ఈ అక్షరాలన్నీ దిగుతున్నాయి. వాటి మధ్య తెల్లపంచె కట్టుకుని, సంచీ పట్టుకుని మాస్టారు కూడా మెట్టు మీద కాలు పెట్టారు. దిగొద్దు మాస్టారూ, దిగొద్దు అని అరుస్తున్నాను.

"ఎవుల్నే దిగొద్దంటన్నావు?"

కళ్లు తెరిచాను. మాస్టారు ఎదురుగా నిలబడి రొప్పుతున్నారు. పాదాలు వాచిపోయి ఉన్నాయి. ఒక చెయ్యి కామాక్షమ్మ గారి భుజం మీద, ఇంకో చేతిలో ఫోను. నా మెసేజిని పరీక్ష పేపరులా కళ్లకి దగ్గరగా పెట్టుకున్నారు.

"సిట్టింగ్‌కి రెండు టీలు ఉన్నాయి. క్రయింగ్‌లో వై వైగానే ఉన్నాది. కమింగ్‌లో ఈ దిగిపోనాది. ఒక్క తప్పూ నేదు."

"నేదు మాస్టారూ."

"ఇన్నాళ్లూ నువ్వు కావాలని రాత్తన్నావని నాకు తెల్దనుకున్నావా? ఎంతమంది పేపర్లు దిద్దీసేను! తెలిసే వచ్చేవోణ్ణి. ఇయ్యాల తప్పు నేదు. నిజంగానే ఏడుత్తన్నావని నాకు బయమేసింది. అందుకే ఇంకో ఆటో ఎక్కి వచ్చీసేను."

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. కామాక్షమ్మ గారూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంత ఆలస్యమైతే ఎలా మాస్టారూ అని సణుగుతూనే ప్రదీప్ పక్క మిషను దగ్గరికి లాగాడు.

"ఏడుపు తర్వాత," అని కసిరారు మాస్టారు, మంచం మీద కూలబడుతూ. "ముందు ఆ పిల్ల హోంవర్కు తే."

చొక్కా చెయ్యి పైకి మడిచి, సూది కోసం ప్రదీప్ ముందు చాపారు.