కొంగున నాలుగు సకినాలు

తడిబియ్యప్పిండిలో నువ్వులు, వాము కలుపుతున్నాను. చేతులు రెండూ మణికట్ల దాకా పిండే. అప్పుడే నా మొగుడు చంద్రకాంత్ కాగితాలు తెచ్చి, "జల్దీ సంతకం పెట్టు, రేపు సంగారెడ్డి ఆఫీసుకు పోవాలె" అన్నాడు. చేతులు కడుక్కొస్తానంటే, "గంతసేపు ఎవరాగుతరు?" అని విసుక్కున్నాడు.

పదకొండేళ్లుగా మా కర్దనూర్‌లో ఏ ఇంట పెళ్లయినా సారె సకినాలు మా వాకిట్లో చుట్టినవే. ఇట్లాంటి చిన్న యూనిట్లకు సర్కారు సబ్సిడీ ఇస్తోందని తెలిసి, ఆడవాళ్ల పేరునైతే తొందరగా వస్తుందని ఎవరో చెబితే, నా పేరున దరఖాస్తు నింపాడు. ఓనర్‌ని నేనే! ఆ మాట విన్ననాడు నాకు నిజంగానే సంతోషమేసింది. దాచుకోను.

చేతులు తుడుచుకుని కాగితాలు తిరగేశాను. ఎందరికి ఉద్యోగం దొరుకుతుందన్న చోట నాలుగు పేర్లున్నాయి. మేనేజర్ చంద్రకాంత్. లెక్కలకు మా మరిది శ్రీశైలం. బండికి బాలప్ప, కాపలాకు పెద్దరాములు. నలుగురిలో ఒక్కరికీ సకినం చుట్టడం రాదు. పిండికి గిర్నీ ఉంది, నూనెలో కాల్చడానికి మిషన్ వస్తుంది. చుట్టడానికి మాత్రం వేళ్లే కావాలి.

"మరి చుట్టేటోళ్లు?"

"బుల్లెమ్మోళ్లు వస్తరు కదా, ఎప్పటిలెక్కనే."

"కూలి?"

"ఇరుగుపొరుగోళ్లకు కూలేంది?" అని అందుకుంది అత్తమ్మ. "నాలుగు సకినాలు కొంగున కడితే సాలు."

"మరి నాకు?"

"నువ్వు ఓనర్‌వి! ఓనర్‌కు జీతమేందే?" చంద్రకాంత్ పకపకా నవ్వాడు.

ఇదివరకైతే నేనూ నవ్వేదాన్నే. ఆ పూట కడుపు మండింది. మోకాళ్లు పట్టేసి మందుల ఫ్యాక్టరీలో ఊడ్చే పని పోయినప్పటి నుంచి బుల్లెమ్మక్క పిలిచిన ప్రతిసారీ వచ్చి, పొద్దంతా కటిక నేల మీద కూర్చుని చుడుతుంది. పోయేటప్పుడు కొంగు ముడి తడుముకుంటూ "మనుమరాలు ఎదురుచూస్తుంటది" అంటుంది. ఆమెకొక పీట వేయాలని కూడా నాకెన్నడూ తోచలేదు. అత్తమ్మను తప్పుపట్టి ఏం లాభం? ఇన్నేళ్లూ ఆ కొంగు ముడి వేసింది నా చేతులే.

"సంతకం ఆఫీసులనే పెడత, నేనూ వస్త" అన్నాను.

"వచ్చి నువ్వేం మాట్లాడుతవ్?" అన్నాడు గాని, నా సంతకం లేకుండా పని కాదని అతనికీ తెలుసు.

మర్నాడు ఆఫీసులో అతను చెప్పబోతుంటే ఆఫీసరు మేడం ఆపి, నావైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా. ఎంతమందికి పని దొరుకుతుంది?"

పదో తరగతి పరీక్షల తరువాత ఒకరు నన్ను ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగడం అదే మొదటిసారి.

"ఆ పేజీ మార్చి రాయాలె మేడం" అన్నాను.

బుల్లెమ్మ, ఆమె పక్కన కూర్చుని చుట్టే హైమావతి, లింగవ్వ. ఒక్కో పేరూ నెల జీతం మీద రాయించాను. బండి తోలడానికి మనిషి కావాలి గనక బాలప్పను ఉంచాను. ఆఖరున నా పేరు చెప్పాను. ఓనర్‌కు జీతమేందని మేడం అడగలేదు, రాసుకుంది.

చంద్రకాంత్ ముఖం మాడిపోయింది. ఫ్యాక్టరీ షిఫ్టులతో అరిగిపోయిన మనిషే, జాలి లేకపోలేదు.

"మరి ఈయన?" అంది మేడం.

కాగితం నా ముందుకు లాక్కుని, సంతకం పెడుతూ చెప్పాను.

"చుట్టుడు నేర్చుకుంటే తీసుకుంటం మేడం."