చేదు చూసే మనిషి

ఆ ఇంట్లో ఉప్పూ కిరసనాయిలూ తప్ప కొనే వస్తువు లేదు. ఎండాకాలం దుక్కులు, వానాకాలం పాదులు, చలికాలం కోతలు, ఏడాది పొడుగునా మేకలూ కోళ్లూ ఒక పాడి ఆవూ. తిండికోసం ఇంకొకరి గడప తొక్కని ఇల్లని చుట్టుపక్కల పేరు. ఆ పేరు నిలబెట్టింది పెద్దావిడ నాలుక.

నవ్వితే నవ్వండి గాని అది నిజం. సొంత విత్తనం దాచుకునే వాళ్లకు ఒక గండం ఉంటుంది. కంచె పక్కన చేదు సొర తనంతట తానే మొలుస్తుంది. చూడ్డానికి మంచి సొరలాగే అమాయకంగా ఉంటుంది. దాని పువ్వు మీద వాలిన పురుగు వచ్చి మన పువ్వు మీద వాలిందా, ఆ ఏడు కాయకు ఏమీ కాదు. ఆ కాయలోని గింజ నాటితే మాత్రం మరుసటేడు కాసేది విషం. అందుకే ఆ ఇంట్లో ఏ కాయ కోసినా తొడిమ దగ్గర చిన్న ముక్క తీసి పెద్దావిడకు ఇవ్వాలి. ఆవిడ నమిలి "కమ్మగా ఉంది, కొయ్యి" అన్నాకే కత్తిపీట కదులుతుంది. కంచె పక్క తీగల పిందెలు కూడా ఆవిడే కొరికి చూసి, చేదైతే వేళ్లతో సహా పీకించేది. ఆ పని ఆవిడకు వాళ్ల అత్తగారు అప్పగించి పోయింది.

రెండు చలికాలాల కిందట పెద్దావిడకు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ రుచినీ వాసననీ వెంట తీసుకుపోయింది. నాలుగు రోజుల్లో అవే వస్తాయిలే అనుకుంది. రాలేదు. బెల్లమూ మట్టీ ఒక్కటే అయిపోయాయి. ఎవరికీ చెప్పలేదు. కూరల్లో ఉప్పు చేతి అలవాటు మీద పడిపోయేది కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. మోకాళ్లు పోయి పొలం పని మానేసింది, చూపు మసకబారి బియ్యంలో రాళ్లు ఏరడం మానేసింది. మిగిలింది నాలుక. అదీ పోయిందని తెలిస్తే ఒక మూలన కూర్చోబెట్టి ఇంత ముద్ద పడేస్తారు. చావంటే లేని భయం ఆవిడకు ఆ మూలంటే ఉంది.

అందుకని ముక్క ఇచ్చినప్పుడల్లా నమిలింది, "కమ్మగా ఉంది, కొయ్యి" అంది. కిందటేడు వానల్లో కంచె పక్క తీగ పిందెను కూడా అలాగే కొరికి, "మంచిదే, ఉండనీ" అంది. ఆ పిందెలు కాయలయ్యే లోపే గాలివానకు తీగ తెగిపోయింది. అప్పటికే అది విరగబూసిందని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఈ ఏడు వానలు తెరిపిచ్చిన ఒక పగలు, పాదుకు కాసిన మొదటి సొరకాయను కోడలు కోసుకొచ్చింది. ఆ పిల్లకు మూడో నెల. తొడిమ దగ్గర ముక్క తీసి అత్తగారి చేతిలో పెట్టింది.

"చూడండత్తయ్యా."

పెద్దావిడ నమిలింది. నోట్లో తడి తప్ప ఏమీ తెలియలేదు. "కమ్మగా ఉంది, కొయ్యి."

కూర దిగాక ఆవిడే పళ్లెం పెట్టింది. "ఒట్టి మనిషివి కావు, ముందు నువ్వు తినమ్మాయ్. వాడు పొలం నుంచి వచ్చాక తింటాడులే."

కోడలు మొదటి ముద్దకే మొహం చిట్లించింది. "చేదుగా ఉందేంటత్తయ్యా?"

పెద్దావిడకు అనుమానం తగిలింది. అప్పుడు చెప్పేసినా సరిపోయేది. కానీ ఇన్నాళ్లు దాచిన నోరు ఆ ఒక్క నిమిషంలో నిజం చెబుతుందా? "వేవిళ్ల నోటికి అమృతమైనా చేదే. నేను చూశానుగా. కళ్లు మూసుకుని తినెయ్, కడుపులో ఉన్నదానికి కావాలి."

పిచ్చిపిల్ల, అత్తగారి మాట మీద కళ్లు మూసుకుని మరీ తింది. పెద్దావిడ ఇంకో గరిటె వేసింది.

తర్వాత సొర తొక్కలు పట్టుకుని మేక దగ్గరికి వెళ్లింది. గోడకు వేసిన సున్నం కూడా వదలని మేక అది. ఒకసారి కొడుకు చొక్కా సగం నమిలేసి, ఏమీ ఎరగనట్టు నిలబడింది. అలాంటిది తొక్కలు వాసన చూసి, ఒకటి నోట పట్టి, తల విదిలించి ఉమ్మేసింది. వెనక్కి తగ్గి ఆవిడ మొహంలోకి చూసింది.

ఇంట్లోంచి కోడలు వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

పొలం నుంచి కొడుకు వచ్చేసరికి ఆ పిల్ల నిలబడలేకపోతోంది. పక్కింటివాళ్ల ట్రాక్టరు మీద ఆసుపత్రికి బయలుదేరారు. కోడలి తల పెద్దావిడ ఒళ్లో ఉంది. నుదురంతా చెమట, పెదాలు తెల్లగా పాలిపోయాయి. దారి పొడుగునా పెద్దావిడ ఒకటే అనుకుంది, ఇది వేవిళ్లే, వేవిళ్లే. అలా అనుకున్న కొద్దీ మేక మొహం కళ్ల ముందుకొచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నాడి చూసి, నెలలు అడిగి, తేలిగ్గానే మాట్లాడింది. "మొదటి నెలల్లో కొందరికి ఇలాగే ఎక్కువగా ఉంటుంది. మాత్ర రాస్తాను, ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టండి. ఇవాళ ఏం తింది?"

"మా పాదుకు కాసిన సొరకాయేనండీ," అన్నాడు కొడుకు. ఆ కంగారులో కూడా వాడి గొంతులో కాస్త గర్వం పలికింది. "తిండి గురించి అనుమానం లేదు. మా అమ్మ చేదు చూడందే మా పొయ్యి మీదికి ఏదీ ఎక్కదు."

డాక్టరమ్మ చీటీ మీద కలం పెట్టింది. కొడుకు భార్యను లేవదీయడానికి వంగాడు.

చెబితే కొడుకు మొహం ఇక ఎలా చూడాలి? చెప్పకపోతే ఈ పిల్ల ఇల్లు చేరుతుందా? లోపల ఉన్నది ఏమవుతుంది? భయం రెండు వైపుల నుంచీ పట్టి లాగింది. అంతలో కోడలు కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి అత్తగారి కొంగు పట్టుకుంది.

"ఆగండి," అంది పెద్దావిడ. "ఆ కాయ చేదుది. నాకు రుచి తెలియదు. జ్వరం వచ్చినప్పటి నుంచీ తెలియదు. చేదుగా ఉందని ఈ పిల్ల చెప్పినా నేనే తినిపించాను."

కొడుకు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. డాక్టరమ్మ చీటీ పక్కన పడేసి నర్సును కేకేసింది. మంచం మీద పడుకోబెట్టి సెలైను ఎక్కిస్తుండగానే ఇంకో వాంతి అయింది. అందులో రక్తం ఉంది.

"ఇంటి దారిలో ఉండగా ఇది జరిగి ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు," అంది డాక్టరమ్మ. తిడుతోందో చెబుతోందో పెద్దావిడకు తెలియలేదు. గోడకు ఆనుకుని కిందే కూర్చుండిపోయింది. కొడుకు ఆవిడ వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండుననిపించింది.

సాయంత్రానికి కోడలి నాడి కుదుటపడింది. స్కానింగులో లోపల బిడ్డ గుండె కొట్టుకుంటోందని నర్సు వచ్చి చెప్పింది. కొడుకు మొహం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. పెద్దావిడకు ఏడుపు కూడా రాలేదు.

ఇంటికి వచ్చాక సొర పాదులన్నీ ఆవిడే దగ్గరుండి పీకించింది. వాళ్ల అత్తగారి నాటి నుంచి తెగకుండా వస్తున్న సొర విత్తనం కుండను తెచ్చి పొయ్యిలో తానే వంచింది. గింజలు చిటపటలాడుతూ కాలుతుంటే కొడుకు గడప దగ్గర నిలబడి చూశాడు. "పోనీలేమ్మా, ఇంకెక్కడైనా గింజ దొరుకుతుంది," అన్నాడు. ఆసుపత్రి తర్వాత వాడు తల్లితో అన్న మొదటి మాట అదే.

ఎవరూ ఆవిడను మూలన కూర్చోబెట్టలేదు. కత్తిపీట దగ్గర ఆవిడ చోటు ఆవిడకే ఉంది. ముక్క నోట్లో వేసుకునేది మాత్రం ఇప్పుడు కోడలు.

ఆ రోజు దోసకాయ. కోడలు తొడిమ దగ్గర ముక్క తీసి నమిలింది. అత్తగారి వైపు తిరిగి అంది:

"కమ్మగా ఉందత్తయ్యా. కొయ్యనా?"

అచ్చం తాను అనే మాటే. ఎన్నిసార్లు అబద్ధంగా అన్నదో ఆ మాటే. ఇన్నాళ్లూ తన మాట ఒక్కదాన్నే నమ్మి ఈ ఇల్లు ఎలా తిన్నదో పెద్దావిడకు ఇప్పుడు అర్థమైంది.

"ఇంకోసారి చూడమ్మాయ్," అంది.

కోడలు ఇంకో ముక్క తీసుకుంది.