నల్లదాని చొక్కా

మా పెళ్ళికి వచ్చిన కానుకల్లో అరిచేవి రెండే. మూతకట్టిన వెదురుబుట్టలో కూర్చుని, దారి పొడవునా నా ఒళ్ళో గొణుక్కుంటూ వచ్చాయి. ఒకటి చుక్కలది, ఇంకొకటి నల్లది. పిల్లలుగా ఉన్నప్పటి నుంచి నా చెల్లెలు అరచేతిలో గింజలు పోసి పెంచిన పెట్టలవి. చెల్లెలు హాస్టలుకు వెళ్ళిపోతోంది. చూసేవాళ్ళు ఎవరూ ఉండరు గనక చికెన్ కొట్టుకు ఇచ్చేద్దామంది అమ్మ.

"మా అత్తారింట్లో కోళ్ళున్నాయి. నేను తీసుకెళ్తా" అనేశాను, అత్తారింట్లో ఎవరినీ అడక్కుండానే. కొత్త పెళ్ళికూతురికి ఎక్కడలేని ధైర్యం ఉంటుంది.

అత్తారిల్లంటే ఇద్దరే మనుషులు. మా ఆయన ఫోటో స్టూడియోలో పనిచేస్తాడు. మామయ్య దర్జీ. ముందుగదే ఆయన కొట్టు. మెడలో టేపు భోజనం దగ్గర కూడా తియ్యరు. మాటల్ని కూడా గుడ్డలాగే కొలిచి, కావలసినంతే కత్తిరిస్తారు. బుట్ట మూత తీసి చూసి, "ఊఁ" అన్నారు. ఆ రోజుకి అంతే.

పెరట్లో ఆయన కోళ్ళు నాలుగు. గోధుమరంగు పెట్ట పేరు పెద్దక్క. పెద్దక్క తిన్నాకే మిగతావాటికి తిండి. అందరూ తిన్నాక అడుగున మిగిలిన నూక ఏరుకునేది బక్కది. కొత్తవాటిని ఒక్కసారిగా కలిపితే చంపేస్తాయని, పెరటికి అడ్డంగా ఇనపవల కట్టారు మామయ్య. అటు నాలుగు, ఇటు రెండు.

"జైల్లో ములాఖత్ లాగన్నమాట" అన్నాడు మా ఆయన. "చూసుకోవచ్చు, ముట్టుకోకూడదు."

కొన్నాళ్ళు చూసుకున్నాక వల తీశాం. చుక్కలది రెండు పోట్లు తిని, తల వంచి, వరుసలో చివర నిలబడింది. దాని గొడవ అక్కడితో తీరిపోయింది. నల్లదానికి అలా తల వంచడం తెలియదు. తిన్నగా గింజల తొట్టి దగ్గరికి వెళ్ళింది. పెద్దక్క ఒక్క పోటు పొడిచి ఊరుకుంది. ఊరుకోనిది బక్కది. ఇన్నాళ్ళకు తన కింద ఒకరు దొరికారు మరి. సాయంత్రానికి నల్లదాని వీపు మీద ఈకలు ఊడి, రక్తం కనిపించింది.

"రక్తం చూశాయంటే ఇంక ఆగవమ్మాయ్" అన్నారు మామయ్య. "ఆదివారం దాకా చూద్దాం. కుదరకపోతే బుట్టలో పెట్టి మార్కెట్టులో ఇచ్చేద్దాం. పొడిపించుకుని చావడం కన్నా అది నయం."

"అలాగే మామయ్యా" అని, సగం తిన్న కంచం పక్కకు జరిపేశాను. చెల్లెలికి ఏం చెప్పను?

"మా ఇంట్లో కొత్తవాళ్ళకి కొంచెం కష్టమేలే" అని గిల్లాడు మా ఆయన.

"నాకు పొద్దున్నే మొదటి కప్పు కాఫీ చేతికొస్తోందిగా."

"నిన్ను పొడిచే ధైర్యం ఎవరికుంది?"

మామయ్య నేను వదిలేసిన కంచం వైపు ఒకసారి చూశారు.

మర్నాడు పొద్దున్నే పిలిచారు. "అమ్మాయ్, ఆ నల్లదాన్ని పట్టుకురా."

ఆదివారం దాకా కూడా ఆగరా అనుకుంటూ తెచ్చాను. ఆయన మెడలోంచి టేపు తీశారు. "కదలకుండా పట్టుకో. మెడ దగ్గర నుంచి తోక దాకా ఎంత ఉందో చూద్దాం."

"నడుము కూడా కొలుస్తారా మామయ్యా?"

"నడుమెక్కడుంది దీనికి? అంతా పొట్టే." ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు.

సోఫా కవర్లు కుట్టగా మిగిలిన ఎర్ర వెల్వెట్ ముక్కతో వీపుకు చొక్కా కుట్టారు. రెక్కల కింద ఎలాస్టిక్. నల్లది రాణీగారిలా పెరట్లోకి దిగింది. మరుక్షణం నాలుగు కోళ్ళూ ఆ ఎరుపు మీద పడ్డాయి. నేను మధ్యలో దూకి లాక్కొచ్చేసరికి నా చేతికీ రెండు తగిలాయి.

"నాన్నా, ఇక్కడ పొడవండి అని బోర్డు కట్టినట్టుంది" అన్నాడు మా ఆయన.

"ఎరుపు సంగతి అనుకోలేదురా" అన్నారు మామయ్య, చాలా చిన్న గొంతుతో.

మళ్ళీ వల కట్టాం. పుండుకు మందు రాసి, అది తన ముక్కుతో గీరుకోకుండా చొక్కా అలాగే ఉంచాం. మొదట్లో పాపం వెనక్కి వెనక్కి నడిచింది, పక్కకు ఒరిగి పడింది. తర్వాత ఆ చొక్కా సంగతే మరిచిపోయింది. నేనే మరవలేకపోయాను. ఆదివారం దగ్గర పడుతోంది.

శనివారం సాయంత్రమంతా మిషను ఆగలేదు. స్కూలు యూనిఫాంల పని కాబోలు అనుకున్నాను. ఆదివారం పొద్దున చూస్తే బల్ల మీద ఆరు బుల్లి చొక్కాలు, అన్నీ అదే నీలి గళ్ళ గుడ్డవి.

"అన్నిటికీ కుట్టాను" అన్నారు మామయ్య, నా వైపు చూడకుండా. "దీనికొక్కదానికే అయితే వింతగా చూస్తాయి."

వాటికి తొడిగేసరికి మా ముగ్గురికీ చెమటలు పట్టాయి. పెద్దక్క మా ఆయన వేలు పొడిచింది. చివరికి వల తీసి, తొట్టిలో గింజలు పోసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

పెద్దక్క నేలకు కరుచుకుని కూర్చుంది. ఇంకొకటి వెనక్కి నడుస్తూ గోడకు కొట్టుకుంది. బక్కది ఎవరనుకుందో ఏమో, పోయి పోయి పెద్దక్కనే పొడిచి, బుద్ధి చెప్పించుకుంది. చుక్కలది గుండ్రంగా తిరుగుతోంది. అందరిలోకీ చొక్కా తొడుక్కుని నడవడం వచ్చినది నల్లది ఒక్కతే. చక్కగా నడుచుకుంటూ వచ్చి, తొట్టి మధ్యలో నిలబడి, తినడం మొదలుపెట్టింది. మిగతావి తేరుకుని ఒక్కొక్కటే వచ్చేసరికి అది అప్పటికే అక్కడి మనిషిలా ఉంది. బక్కది దాని పక్కన ఇరుక్కుని నిలబడింది. ముక్కు గింజల మీదే ఉంది, దాని వీపు మీద లేదు.

మామయ్య వెళ్ళి కొక్కేనికి వేలాడుతున్న వెదురుబుట్ట దించారు. నేను నల్లదానికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన అందులో నీలి గళ్ళ పీలికలు మెత్తగా పరిచి, గూటిలో ఒక మూలకు జరిపారు.

"గుడ్లు పెట్టుకోవడానికి వీటికీ ఒక చోటు కావాలిగా అమ్మాయ్."

మా ఆయన ఫోటో తీసి చెల్లెలికి పంపాడు. వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, అన్నీ ఒకలాగే ఉన్నాయి. నల్లదేదే, కనబడదేం?"

"తొట్టి మధ్యలో చూడు" అన్నాను. "తల ఎత్తడం లేదు. తింటోంది."