ముక్కు పరీక్ష

పాలు మాడుతున్నాయని వెనక గదిలోంచి అక్క కేకేసేదాకా, పొయ్యి ముందే నిలబడి ఉన్న ఆమెకు తెలియలేదు. గబగబా గిన్నె దించింది. అడుగు నల్లగా అంటుకుపోయింది.

"ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే నీకు తెలీలేదా?" అక్క వచ్చి నిలదీసింది. ఆవిడకు కోపమెప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

"జలుబక్కా."

"మూడు నెలల్నించీ అదే జలుబా? తుమ్మవు, దగ్గవు, చీదవు. ఎవరికి చెప్తావే ఈ కబుర్లు? ఇవాళైనా మీ ఓనరుతో చెప్పు. నువ్వు చెప్పకపోతే సాయంత్రం నేనే వచ్చి చెప్తా."

"నేనే చెప్తాలే. ఇవాళ పెద్ద పనుంది, అది కానీ."

మూడు నెలలుగా ఏదో ఒక పెద్ద పని ఉంటూనే ఉంది. మాడిన గిన్నెలో నీళ్లు పోసి ఆమె స్టూడియోకు బయలుదేరింది.

ఫొటో స్టూడియోలో చిట్టచివరి గది ఆమెది. చీకటి గదిలో తయారైన నలుపు తెలుపు ఫొటోలకు మందులతో గోధుమరంగు పట్టించడం ఆమె పని. మొదటి ట్రేలో మందు నలుపునంతా తినేస్తుంది. మనిషి పోయి, కాగితం మీద పాలిపోయిన పసుపు మరక మిగులుతుంది. రెండో ట్రేలో వేస్తే అదే ముఖం గోధుమరంగులో తిరిగి వస్తుంది. ఆ రెండో మందు కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. గదిలోకి వచ్చేవాళ్లు ముక్కుకు పెట్టుకోవడానికని ఆమె తలుపు మేకుకు ఒక బట్టల క్లిప్పు తగిలించింది. "లోపలికి రావాలంటే టిక్కెట్టు ఇదే" అని నవ్వేది.

ముప్పై ఏళ్ల కిందట పనికోసం వస్తే పెద్ద ఓనరు ఆమెను చదువేమిటని అడగలేదు. కళ్లకు గుడ్డ కట్టి, ముందర మూడు గిన్నెలు పెట్టి వాసన చూడమన్నాడు.

"ఇది నీళ్లు. ఇది పులుపు. ఇది చచ్చిన ఎలుక" అంది ఆమె.

ఆయన పగలబడి నవ్వి, గది తాళం చేతికిచ్చాడు. ఆనక నవ్వు ఆపి చెప్పాడు. "చూడ్డానికి మూడూ నీళ్లేనమ్మా. పుల్లనీళ్లూ కంపుమందూ సవతులు. ఒక తొట్టిలో కలిశాయో, విషగాలి పుట్టి కొంప తీస్తాయి. నీ ముక్కు పనిచేసినన్నాళ్లే ఈ గదిలో ఉండు. ఆ తర్వాత ఒక్క రోజు కూడా వద్దు."

ఆ మాట ఆమె మరిచిపోలేదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. చెబితే బయట కౌంటరు దగ్గర కవర్లు మడిచే పని ఇస్తారు. జీతం తగ్గదు కూడా. కానీ పోయిన ముఖం ట్రేలోంచి పైకి తేలే క్షణం ఇంకొకరి పాలవుతుంది. ముప్పై ఏళ్లలో ఆమెకంటూ ఉన్నది అదొక్కటే. అది పోతుందంటే ఆమెకు భయం వేసింది.

ఆరోజు పని, కాలం చేసిన పెద్ద ఓనరు ఫొటోనే. ముందరి అద్దాల అరలో పెట్టడానికి ఆయన కొడుకు సాయంత్రానికల్లా కావాలన్నాడు. బయట గొట్టాల కోసం రోడ్డు తవ్వుతున్నారు. తడి కాగితానికి దుమ్ము అంటుకుంటే ఇక వదలదు. కిటికీ మూసి గడియ పెట్టింది.

మొదటి ట్రేలో పెద్దాయన కళ్లు పోయాయి, మీసం పోయింది. రెండో ట్రేలో ముందు మీసం వచ్చింది, ఆ తర్వాత కళ్లు. మందులోంచి ఆయన ఆమెనే చూస్తున్నాడు.

"రేపు చెప్తాను బాబుగారూ, ఒట్టు" అంది పైకే.

ఫొటోను కడుగునీళ్లలో వేసి, వాడిన మందు పారబోయడానికి మూలనున్న తొట్టి దగ్గరికి వెళ్లింది. తొట్టిలో సగం దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి. తవ్వకాలవల్ల పొద్దుట్నుంచీ కాలువ సరిగా లాగడంలేదు. తను పొద్దున్న పోసిన కడుగునీళ్లే అనుకుంది. కానీ ఆమె నీళ్ల కోసం బయటికెళ్లినప్పుడు, చీకటి గదిలో పనిచేసే ఆయన భోజనానికి వెళ్తూ తన పుల్లనీళ్ల ట్రే అందులో ఒంపి వెళ్లాడు. ఒకప్పుడైతే తిరిగి వస్తూనే ఆ పులుపు వాసనకు ఆమె గుమ్మంలోనే ఆగిపోయేది. ఇప్పుడు ట్రే ఎత్తి మొత్తం పోసింది. నీళ్లు తెల్లగా విరిగాయి. ఆమె అప్పటికే చెయ్యి తుడుచుకోవడానికి అటు తిరిగింది.

తలుపు తోసుకుని చిన్న ఓనరు వచ్చాడు, అలవాటు ప్రకారం ముక్కుకు క్లిప్పుతో.

"అయిందా అక్కా?" ముక్కుతో అన్నాడు. నీళ్లలో తండ్రి ముఖం చూసి వంగాడు. కాసేపటికి కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "ఇదేంటక్కా, చిన్నపిల్లాడిలా కళ్లల్లో నీళ్లు ఆగట్లేదు."

ఆమె కళ్లూ మండుతున్నాయి. "నాకూ అంతే బాబూ. ఆయన అలాంటి మనిషి."

"నాకు తల తిరుగుతోంది కూడా. పొద్దున ఏం తినలేదులే. నీలాగా ఈ రంగు ఎవరికీ రాదక్కా."

ఆ మాటకు ఆమె ప్రాణం లేచొచ్చింది. చెప్పడానికి అదే అదను. పెదవి కదిపింది కూడా. "ఇంకో గంట నాననివ్వండి" అని మాత్రం అంది.

కంపు గిరాకీల దాకా రాకుండా, అతను ఎప్పటిలాగే తలుపు గట్టిగా లాగి వెళ్లాడు. ఆమె స్టూలు మీద కూర్చుంది. తల బరువెక్కింది. నిద్ర సరిపోలేదనుకుని, ట్రే పక్కన చేతుల మీద తల ఆనించింది. నీళ్లలో పెద్దాయన ముఖం మెల్లగా ఊగుతోంది. చూస్తూ చూస్తూ ఆమె ఊపిరి చిన్నదై, ఆగిపోయింది.

సాయంత్రం అక్క అన్నంత పనీ చేసింది, స్టూడియోకు వచ్చింది. అప్పటికి తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. జనం రోడ్డు మీద ముక్కులు మూసుకుని నిలబడ్డారు. చిన్న ఓనరు మెట్ల మీద కూలబడి ఉన్నాడు. లోపల దుప్పటి కప్పి ఉన్న మనిషిని చూసొచ్చి, ఆవిడ అతని ముందు నిలబడింది. ఏడవలేదు.

"వాసన తెలీట్లేదని నీకు చెప్పిందా నాయనా?"

అతను తలెత్తి చూశాడు. చెయ్యి దానంతటదే చొక్కా జేబు దగ్గరికి వెళ్లింది. మధ్యాహ్నం ముక్కు నుంచి తీసి, మేకుకు తిరిగి తగిలించడం మరిచిపోయిన క్లిప్పు ఇంకా ఆ జేబు అంచునే పట్టుకుని ఉంది.