పోచమ్మకు పురాణం

మేడ్చల్ దాటి శామీర్‌పేట వైపు పోయే దారిలో, ఒకప్పుడు జొన్నచేన్లు ఉన్నచోట, తొంభైల చివర ఒక కాలనీ లేచింది. దానికి బృందావన విహార్ అని పేరు పెట్టారు. ఆ రాళ్ల నేలకూ బృందావనానికీ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు. ఇళ్లు కట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్లు. పొద్దున ముగ్గులు, సాయంత్రం సహస్రనామాలు, ఎవరో ఒకరింట్లో ఎప్పుడూ ఏదో ఒక వ్రతం. భక్తికి లోటు లేని కాలనీ. లోటల్లా గుడికే.

పార్కు కోసం వదిలిన జాగాలో ఒక వేపచెట్టు, దాని మొదట్లో పసుపు పూసిన ఒక రాయి ఉన్నాయి. ఆ రాయి పోచమ్మ. పక్కనున్న పాత ఊరికి ఆమె దేవత. కాలనీ కంటే ముందునుంచీ, బహుశా ఊరి కంటే కూడా ముందునుంచీ అక్కడే ఉంది. అయితే లేఅవుట్ ప్లానులో ఆమె లేదు. ప్లానులో ఆ చోట పిల్లల జారుడుబల్ల ఉంది.

ఈ సంగతి తేల్చడానికి అసోసియేషన్ వాళ్లు మీటింగు పెట్టి, ఊరి తరఫున పర్వతాలును పిలిచారు. పర్వతాలు ఎం.ఏ. చరిత్ర చదివాడు. కుమ్మరి ఇంట్లో పుట్టి కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాడు. పెద్దలు పిలిస్తే వెళ్లాలి, అడిగింది చెప్పాలి, చెప్పిన పని చెయ్యాలి అనుకునే మనిషి. అతని తల్లి బాలనర్సమ్మే ఆ పోచమ్మకు పూజారి. ఆ ఊళ్లో పోచమ్మ పూజ కుమ్మరివాళ్లది. ఆషాఢంలో మొదటి బోనం వాళ్లింటిది. అది అమ్మవారి ముందు దిగేదాకా ఊళ్లో మిగతా బోనాలు నెత్తిమీదే ఉండాలి. ఆమె అత్త చేసిన పని ఆమెకు వచ్చింది. దాన్ని ఆమె పట్టా భూమికంటే గట్టిగా పట్టుకుంది.

ప్రెసిడెంటు వెంకటరామయ్యగారు బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి. ఎవరినీ నొప్పించడు. "చూడవయ్యా పర్వతాలూ, అమ్మవారిని తీసెయ్యాలని మాకేం సరదానా? ఎవరి అవతారమో, ఎప్పుడు వెలిసిందో తెలిస్తే మాకూ ఒక ఆధారం ఉంటుంది. స్థలపురాణం ఏమన్నా ఉందా?" అని అడిగాడు.

"అడిగొస్తా సార్," అన్నాడు పర్వతాలు.

ఇంటికి పోయి అడిగాడు. బాలనర్సమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది.

"పురాణమేందిరా? ఆమె ఆడ్నే ఉన్నది. పిలిస్తె పలుకుతది. పోరగాండ్లకు అమ్మవారు పోస్తే సల్లగ జేస్తది. ఇంకేం గావాలె వాళ్లకు?"

"ఎట్ల వెలిసిందో గావాల్నంట."

"నువ్వెట్ల పుట్టినవో వాళ్లకు జెప్పినవా? నిన్ను కుర్సీల కూసోబెట్టలేదా?"

ఇది మీటింగులో పనికొచ్చే జవాబు కాదు. పర్వతాలు ఆలోచించాడు. పురాణం ఉన్నవాళ్లను పురాణం ఉన్నవాళ్లు గౌరవిస్తారు. చరిత్ర చదివిన అతనికి ఈ సంగతి పుస్తకాల్లో నూరుచోట్ల కనబడింది. ఎందరు ఊరిదేవతలు ఇట్లా ఎవరో రాసిన కథ పట్టుకుని పెద్ద గుళ్లకు చేరలేదు? జారుడుబల్ల నుంచి తల్లిని కాపాడాలంటే రాయడమే దారి. మర్నాడు సాయంత్రం వెంకటరామయ్యగారి ఇంటికి వెళ్లి, "పురాణం లేదు సార్. మీరు సరేనంటే రాద్దాం," అన్నాడు.

దాపరికం ఏమీ లేదు. ఆయన భార్య లక్ష్మీకాంతమ్మగారు కాఫీలు అందిస్తుండగా, డైనింగ్ టేబుల్ మీద ఇద్దరూ కూర్చుని రాశారు. పూర్వం ఈ చోట ఒక ముని తపస్సు చేశాడు. ఏ ముని? వెంకటరామయ్యగారిది కౌండిన్యస గోత్రం కాబట్టి కౌండిన్యుడు. ఈ మాట తెలిసి సెక్రటరీ రాజారావు పరుగున వచ్చాడు. "మా భరద్వాజుడేం పాపం చేశాడండీ?" అన్నాడు. ఆయన మొహం చూసి భరద్వాజుణ్ణి కూడా రప్పించి, కౌండిన్యుడి పక్కన ఒక పర్ణశాల వేయించారు. ఒక రాక్షసుడు వచ్చాడు. మునులు మొరపెట్టుకున్నారు. వేపచెట్టులోంచి అమ్మవారు వెలిసి వాణ్ణి చంపింది. ఉగ్రంగా ఉంటే ముని పాయసం పెట్టి శాంతింపజేశాడు.

చివర ఒక వాక్యం వెంకటరామయ్యగారు స్వయంగా చేర్చాడు. "నాటి నుండి అమ్మవారు పరమ శాంతమూర్తియై సాత్త్విక నైవేద్యమును మాత్రమే స్వీకరించుచున్నది."

పర్వతాలు కలం ఒక్క క్షణం ఆగింది. ఏటా బాలనర్సమ్మ అమ్మవారికి ధారగా పోసే కల్లు సాక, ఇచ్చే కోడిపుంజు కళ్లముందు కదిలాయి. కానీ కాఫీ తాగుతూ పెద్దాయన మాట కొట్టెయ్యడం అతనికి చేతకాలేదు. ఒక్క వాక్యమే కదా, ఎవరు చదువుతారు అనుకున్నాడు.

అందరూ చదివారు. పురాణం చిన్న పుస్తకంగా అచ్చయింది. అమ్మవారి పేరు శ్రీ శాంత పోచమాంబ అయింది. జారుడుబల్ల జాగాలో పాలరాయి పరిచారు. రాయికి వెండి కళ్లు పెట్టారు, చుట్టూ గ్రిల్లు, గేటు. పూజ చెయ్యడానికి ఎక్కడినుంచో ఒక అయ్యగారిని తెచ్చారు. పురాణమంతా బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించారు. తుర్కపల్లి ల్యాబులో ఎవరికో ఉద్యోగం ఖాయమైంది, అది అమ్మవారి మహిమే అన్నారు. శుక్రవారం శుక్రవారం గాజులరామారం నుంచి కూడా ఆటోలు మాట్లాడుకుని రావడం మొదలైంది. బాలనర్సమ్మ మాత్రం రోజూ పొద్దున అలవాటుగా బిందె నీళ్లు తెచ్చి గ్రిల్లు బయట పోసి వచ్చేది. "గొప్పగైంది తల్లి," అనేది. ఆ అనడంలో సంబరమెంతో, దిగులెంతో పర్వతాలుకు అర్థమయ్యేది కాదు.

అంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కుండకు పసుపు రాసి, వేపమండలు కట్టి, పుంజును గంప కింద కమ్మి, ఈతకల్లుకు చెప్పి పంపింది బాలనర్సమ్మ. ఆ సాయంత్రమే రాజారావు ఇంటికి వచ్చి నిలబడ్డాడు.

"బోనం నిరభ్యంతరంగా తెచ్చుకోండమ్మా. పసుపన్నమే పెట్టండి. కల్లు, కోడి మాత్రం కుదరవు. ముందు అయ్యగారి నైవేద్యం అయ్యాక మీది లోపలికి పంపిస్తాం."

"మాది ఎనకకా?" అంది బాలనర్సమ్మ.

"బోర్డు మీద ఉంది కదమ్మా. మీ అబ్బాయే రాశాడు."

ఆయన పోయాక ఆమె గంప ఎత్తి, పుంజుకు నాలుగు గింజలు వేసి, మళ్లీ మూసింది. పర్వతాలుకు ఏదన్నా తిట్టినా బాగుండు అనిపించింది.

"నువ్వే రాసినవా కొడుకా?"

"నేనే. ఉత్తగనే రాసిన, పోచమ్మను ఆడికెల్లి తీసేస్తరేమోనని..."

"మంచిగనే రాసినవ్ గని, తినే మనిషిని తినదని ఎట్ల రాసినవ్‌రా? నా ఇంటికాడికి చుట్టపోళ్లొస్తే గిట్లనే అంటవా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మొదటి బోనం మనది కాకపాయెనంటే, రేపు నేను మా అత్త ఎదుట ఏం మొఖం పెట్టుకొని నిలవడాలె?"

ఆమె అత్త చనిపోయి ఏళ్లయింది. అయినా పర్వతాలు వెంటనే లేచి వెంకటరామయ్యగారి ఇంటికి వెళ్లాడు.

"సార్, ఆ ఆఖరి వాక్యం తీసేద్దాం. మనిద్దరం ఈ టేబుల్ మీదనే కదా రాసింది."

"రాశాం," అన్నాడు వెంకటరామయ్యగారు ప్రసన్నంగా. "కాదని ఎవరన్నారు? కానీ మనచేత రాయించిందెవరు?"

"నేను కాఫీ తాగుకుంట రాసిన సార్."

"కాఫీ తాగుతున్నావు కాబట్టి రాయించినావిడ కనబడలేదు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నానయ్యా, ఏదో కల్పిస్తున్నామని. తర్వాత చూడు. గుడి లేచింది, జనం వస్తున్నారు, కోరికలు తీరుతున్నాయి. అబద్ధానికి అంత శక్తి ఉంటుందా? నువ్వు చరిత్ర చదివినవాడివి. పాత పురాణాలు మాత్రం ఎవరో ఒకరు కూర్చుని రాయలేదూ?"

పర్వతాలు పరీక్షల్లో సరిగ్గా ఇదే రాసి మొదటి తరగతి తెచ్చుకున్నాడు. కనుక దండం పెట్టి లేచి వచ్చేశాడు.

ఆదివారం డప్పులతో బోనాలు కదిలాయి. ముందు బాలనర్సమ్మ. నెత్తిన కుండ, కుండ మీద దీపం. వెనక ఊరి ఆడవాళ్లంతా. పుంజును, కల్లు ముంతను పర్వతాలే పట్టుకున్నాడు. పట్టుకోవద్దని కమిటీ, పట్టుకొమ్మని తల్లి చెప్పగా, అతను మొదటిసారి ఒక పెద్దమాట కాదని ఇంకో పెద్దమాట విన్నాడు. గేటు మూసి ఉంది. గేటు వెనక కమిటీ, కమిటీ వెనక అయ్యగారు, ఆయన చేతిలో పాయసం గిన్నె.

"కోడీ ముంతా అక్కడ పెట్టేసి రండమ్మా, తెరుస్తాం," అన్నాడు రాజారావు.

వెనకనుంచి ఎవరో, "ఓ సార్, మా తల్లికి మీరు తాళమేసుడేంది? ఇగ జల్దీ తియ్యుర్రి, నెత్తులు నొస్తున్నయ్!" అని అరిచారు. డప్పు ఆగలేదు. బాలనర్సమ్మ గేటు దాకా వెళ్లి నిలబడింది. కాళ్లు వణికాయి. కొప్పు ఊడింది. చెయ్యి వెయ్యకుండానే నెత్తిమీద బోనం అట్లాగే నిలిచింది, ఆమె మాత్రం ఊగుతోంది.

"తల్లి వచ్చింది! శిగమొచ్చింది!" అన్నారు ఆడవాళ్లు. ఒకామె బోనం అందుకుంది.

లక్ష్మీకాంతమ్మగారు భర్తను పక్కకు జరిపి గ్రిల్లు దగ్గరకు వచ్చి చేతులు జోడించింది. "అమ్మా తల్లీ, ఎవరివమ్మా? ఏం కావాలమ్మా?"

బాలనర్సమ్మ నోట్లోంచి వచ్చిన గొంతు పర్వతాలు ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

"నన్నెవలివి అంటవానే? బోర్డు మీద రాసుకున్నరు గద! ముని వచ్చిండే. వచ్చి నా ముంగట కూసున్నడు. పాసెం పెట్టిండు. తిన్న. ఎందుకు తినలే? ఏండ్లకేండ్లు తిన్న. తిని తిని నోరంత సప్పగైందిరా! నా సాక ఏదిరా? నా పుంజు ఏదిరా? నా బిడ్డ బోనం ఏదిరా?"

డప్పు కూడా ఆగిపోయింది. వెంకటరామయ్యగారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"విన్నారా రాజారావుగారూ! ముని వచ్చాడట! అమ్మవారే సాక్ష్యం చెప్పింది!"

"ఒక్క మునే అందండీ," అన్నాడు రాజారావు మొహం చిన్నబుచ్చుకుని. "మా భరద్వాజుణ్ణి అనలేదు."

లక్ష్మీకాంతమ్మగారు మొగుడివైపు తిరిగింది. "మీకు మూడురోజులు వరసగా పాయసం పెడితే కంచం తోసేస్తారు. పాపం, ఆవిడ ఎన్నేళ్లని తింటుందండీ? తియ్యండి గేటు!"

తీశారు. తియ్యకుండా ఉండే వీలు లేదు. సాక్ష్యంలో సగం నమ్మి సగం వదిలెయ్యడానికి వాళ్లు కోర్టు వకీళ్లు కారు. అయ్యగారు పాయసం గిన్నెతో మర్యాదగా పక్కకు జరిగాడు. బాలనర్సమ్మ బోనమే అన్నిటికంటే ముందు దిగింది. సాక పోశారు, పుంజును వేపచెట్టు కింద ఇచ్చారు. ఊరి బోనాలన్నీ ఒక్కొక్కటే లోపలికి వెళ్లాయి. పోయేటప్పుడు రాజారావు మాత్రం పర్వతాలు చెవిలో, "ఈసారికి అమ్మ అడిగింది, ఇచ్చాం. పై ఏడు సంగతి పై ఏడు. బోర్డు మీద లేదు కదా," అన్నాడు.

ఇంటికి వచ్చాక బాలనర్సమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, అన్నం కలుపుకుంటూ అడిగింది. "ఏమన్నదిరా తల్లి? నాకేం యాదికి లేదు."

పర్వతాలు తల్లి మొహంలోకి చూశాడు. అక్కడ ఆకలి తప్ప ఇంకేమీ కనబడలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె ముద్ద నోటిదగ్గర ఆపి విన్నది.

"ముని వచ్చిండన్నదా? తన నోటితోటి?"

"అన్నది."

"అయితే నిజమేనన్నట్టు! నువ్వు మరి ఉత్తగనే రాసిన అంటివి?"

"ఉత్తగనే రాసిన అమ్మా."

"తల్లి చెప్పినంక గుడ నీకు నమ్మకం లేకపాయె. ఏం చదువురా నీది!" అని, ముద్ద మింగి, రాజారావు మాట కూడా విని కాసేపు ఆలోచించింది. "అయితే ఇంకోపారి రాయి. మొదటి బోనం కుమ్మరోళ్లదే అని మునే చెప్పిండని రాయి. కల్లును కల్లనే రాయి, వాళ్ల బాసల రాస్తే రేపు పాలనుకుంటరు."

పర్వతాలు చెయ్యి కడుక్కుని కాగితాలు తీశాడు. ఈసారి ఒక్కో మాటా తూచి రాశాడు. ఎందుకంటే ఇది ఎవరు చదువుతారో, చదివితే ఏమవుతుందో ఇప్పుడతనికి తెలుసు. పాయసం వండను మునికి కుండ ఇచ్చిన కుమ్మరి స్త్రీ ఇంటిదే మొదటి బోనమని ఒక వాక్యం రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. ఉట్టిగా కుమ్మరి స్త్రీ అని రాస్తే చాలదు, పై ఏడు ఎవరో ఒకరు ఏ కుమ్మరి స్త్రీ అని అడుగుతారు. తలెత్తి, "మునికి కుండ ఇచ్చిన ఆమె పేరేమని రాయాలె?" అన్నాడు.

బాలనర్సమ్మ కంచంలో చెయ్యి కడుగుతూ, ఏ మాత్రం తడుముకోకుండా అంది.

"నా పేరే రాయి. గప్పుడు నేనున్ననో లేనో ఎవనికెరుక?"