డొక్క నొప్పి ఇంట్లో, మంట తోటలో

ఒక సంగతి ముందే ఒప్పేసుకుంటాను. కోపం తగ్గాక ఈ కథ రాద్దామనుకున్నాను. తగ్గలేదు. కాబట్టి ఇలాగే చదవండి.

రవిచంద్రది ముసునూరు దగ్గర బంగినపల్లి మామిడి తోట. కోతల రోజుల్లో తెల్లారకముందే కాయలు కోసే చిక్కం కర్ర భుజాన వేసుకుని వెళ్ళి, పొద్దుగూకాక వచ్చేవాడు. మొన్న మే నెలలో ఒక సాయంత్రం కుడి డొక్క పట్టుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఏంటండీ, ఏమైంది?" అంది భార్య పుష్పవతి.

"కాయల ట్రేలు ఎత్తాను కదా, నరం పట్టేసింది. కాస్త బామ్ రాయి."

రాసింది. తగ్గకపోతే ఊళ్ళో ఆర్ఎంపీ చేత నొప్పి ఇంజెక్షన్ చేయించింది. నొప్పి కాసేపు తగ్గి, మళ్ళీ వీపులో మొదలై గజ్జల్లోకి దిగేది. అడిగితే "నరమే" అనేవాడు. ఆ నరానికి అన్నిచోట్ల ఏం పనో!

ఇంట్లో చెప్పిన జబ్బు అంతవరకే. మిగతా సగం తోటలో చెప్పాడు. ఒక మధ్యాహ్నం చెట్టు చాటు నుంచి వస్తూ పక్క తోట రత్నబాబుతో, "ఒరేయ్, పోస్తుంటే మంటరా. ఎర్రగా కూడా పడుతోంది" అన్నాడు.

"వేడి చేసిందన్నా. రోజంతా ఎండలో ఉంటివి, పైగా పళ్ళు లాగిస్తివి. సబ్జా గింజలు తాగు."

"ఎర్రగా పడ్డా వేడేనా?"

"మరి చలువా? వదినకి మాత్రం చెప్పకు. ఎక్కడెక్కడ తిరిగొచ్చావని అడుగుద్ది."

ఇద్దరూ నవ్వుకున్నారు. రవిచంద్ర సబ్జా గింజలు తాగాడు. వెళ్ళినప్పుడల్లా మంటేనని మంచినీళ్ళు మాత్రం మానేశాడు.

కొద్ది రోజులకే ఒళ్ళు కాలిపోయింది, చలికి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. పుష్పవతి ఆటోలో నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టర్ భారతి గారు "మూత్రం ఎలా వస్తోంది?" అనడిగితే అతను గోడవైపు చూస్తూ, "మగ డాక్టర్ లేరాండీ?" అన్నాడు.

"ఈ పూటకి నేనే ఉన్నాను. మీ జ్వరం ఇంకో పూట ఆగదు. చెప్పండి."

చెప్పాడు. రక్తం సంగతి పుష్పవతి వినడం అదే మొదటిసారి.

స్కాన్ తీస్తే రాయి. మూత్రనాళంలో అడ్డం పడితే, పైన కిడ్నీకి చీము పట్టింది. ఆ పూటే గొట్టం వేసి చీము తీశారు. ప్రాణం నిలిచింది. ఆ కిడ్నీ మళ్ళీ ఎంతవరకు పనిచేస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

మర్నాడు రత్నబాబు కొబ్బరిబోండాలతో వచ్చాడు. "వేడే అనుకున్నాం వదినా..."

"నీకు తెలుసా?"

"మగాళ్ళ మాటలు కదా వదినా, ఆడాళ్ళతో ఎలా అంటాం?"

పుష్పవతి లేచి నిలబడింది. "డొక్క నొప్పని నాకు చెప్పారు. రక్తమని నీకు చెప్పారు. రెండూ కలిపి డాక్టర్‌కి ఎవరు చెప్పారు? మామిడాకు మీద మచ్చొస్తే ఫోటో తీసి వ్యవసాయాఫీసర్‌కి వాట్సాప్ చేస్తారే! ఒంట్లోంచి రక్తం పోతుంటే సబ్జా గింజలా?"

"మెల్లగా మాట్లాడవే, వార్డంతా వింటోంది" అన్నాడు రవిచంద్ర మంచం మీంచి.

"విననివ్వండి. మగాళ్ళ వార్డే కదా!"

రౌండ్స్‌కి వచ్చిన భారతి గారు గుమ్మంలో ఆగారు. "ఆవిడ కోపం న్యాయమైనదండీ. ఈ నొప్పీ మంటా రాయి వల్ల కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, వయసు పైబడితే ప్రోస్టేట్ గ్రంథి వాపు కావచ్చు. రక్తం పడితే కణితి కూడా కావచ్చు. ఏదన్నది మూత్ర పరీక్ష, స్కాన్ చేస్తేనే తెలుస్తుంది. జ్వరం, చలి కూడా తోడైతే ఆ రోజే రావాలి. సిగ్గు తగ్గేదాకా కిడ్నీ ఆగదు."

కిటికీ పక్క మంచం మీది పెద్దాయన, "డాక్టరమ్మా, నాదీ ఒక మాట ఉంది" అన్నాడు.

మీ ఇంట్లో మగవాళ్ళు ఏ నొప్పికి ఏ పేరు పెట్టి దాచారు? నరమా, వేడా, గ్యాసా? రాసి పంపండి. మగవాళ్ళూ, మీరూ రాయండి. కాకపోతే ముందు డాక్టర్‌కి చెప్పి, ఆ తర్వాతే మాకు.