మూడు వాక్యాల నిరూపణ

సొరోటి ఊరి బళ్లో సీనియర్ సిక్స్, అంటే ఆఖరి తరగతి, పిల్లలకి ఎలుంగాట్ మాస్టారు ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాడు. దీర్ఘవృత్తం పాఠం వచ్చిందంటే రెండు బోర్డులు నిండాల్సిందే. ఒక నాభి నుంచి వెళ్లిన కిరణం అంచుకి తగిలి రెండో నాభికే ఎందుకు చేరుతుందో, అంటే స్పర్శరేఖతో అటూ ఇటూ సమాన కోణాలే ఎందుకు వస్తాయో, చెమటలు కక్కుతూ నిరూపించేవాడు.

మాక్ పరీక్షలో అదే అడిగాడు. అసెకెన్యె అనే అమ్మాయి ఒక బొమ్మ గీసి, కింద మూడు వాక్యాలు రాసింది. సమీకరణమన్నది లేదు. మాస్టారు సున్నా చుట్టేశాడు.

పేపర్లిచ్చిన మధ్యాహ్నం ఆ పిల్ల స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది.

"తప్పెక్కడుందో చెప్పండి సార్, దిద్దుకుంటాను."

"ఇది లెక్కా తల్లీ, ఇంటికి రాసిన ఉత్తరమా?"

అసెకెన్యె నవ్వలేదు. "నోటితో చెప్పనిస్తారా?"

"కానీ."

"మాది సరస్సు ఒడ్డు సార్. ఇంటి నుంచి బయల్దేరి, దారిలో బిందె ముంచుకుని, అత్తయ్య ఇంటికెళ్లాలి. ఒడ్డు తిన్నగా ఉంటుంది. ఎక్కడ ముంచితే నడక తగ్గుతుంది? అత్తయ్య ఇల్లు ఒడ్డుకి అవతల, అంతే దూరంలో ఉందనుకుని తిన్నగా గీత గీస్తే, అది ఒడ్డుని దాటే చోట. అక్కడ ఒడ్డుతో రెండు కోణాలూ సమానం. ఇప్పుడు ఇళ్లు నాభులు, ఒడ్డు స్పర్శరేఖ. అది దీర్ఘవృత్తాన్ని ఒక్క బిందువు దగ్గరే తాకుతుంది. మిగతా బిందువులన్నీ బయటే. దీర్ఘవృత్తం మీద ఎక్కడైనా నాభుల నుంచి దూరాల మొత్తం ఒకటే, బయటున్నవాటికి ఎక్కువ. కాబట్టి తాకిన చోటే తక్కువ నడక, అక్కడే కోణాలు సమానం."

మాస్టారి చేతిలో పెన్ను ఆగిపోయింది. అయినా అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

"బయటుంటే మొత్తం ఎక్కువని ఎవరు చెప్పారు?"

"రేపు చెప్తాను సార్."

మర్నాడు ప్రార్థన గంట కొట్టకముందే వచ్చింది, కళ్లు ఎర్రగా.

"బయటి బిందువు నుంచి మొదటి నాభికి గీత గీస్తే, అది దారిలో దీర్ఘవృత్తాన్ని దాటుతుంది సార్. ఆ దాటిన చోటు, బయటి బిందువు, రెండో నాభి: ఇదో త్రిభుజం. రెండు భుజాలు కలిస్తే మూడోదానికంటే పెద్దవి. అందుకే బయట మొత్తం ఎక్కువ. అంతే!"

మాస్టారు ఆమె పేపర్లోని బొమ్మ మీద ఆ త్రిభుజాన్ని తనే గీశాడు. ఇన్నేళ్లూ సమీకరణాలు ఒప్పించాయి గనక ఒప్పుకున్నాడు. ఇవాళే కళ్లారా చూశాడు.

"ఆ ఆఖరి మాట కూడా పేపర్లో ఉండుంటే పూర్తి మార్కులు వేసేవాణ్ణి. అయినా సున్నా వెయ్యడం నా తప్పే." సున్నా కొట్టేసి, పదికి ఎనిమిది వేశాడు. "పద, క్లాసుకి. సుద్దముక్క నువ్వే పట్టుకో."

ఆయన వెళ్లి వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు. పక్కనున్న కుర్రాడు ఒచెన్ గొణిగాడు: "ఏం సార్, ఫెయిలయ్యారా?"

"నోరు మూసుకుని చూడరా. ఇలాంటిది మళ్లీ దొరకదు."

పాఠం అయ్యేసరికి ఒక బోర్డులో సగం కూడా నిండలేదు. క్లాసంతా బల్లలు చరిచింది. మిగతా పిల్లలు వెళ్లాక మాస్టారు బొమ్మలో స్పర్శరేఖ మీదికి రెండు నాభుల నుంచీ లంబాలు దించాడు.

"ఈ రెండింటి లబ్ధం ఎప్పుడూ మారదు. దీన్ని కూడా ఇలాగే చెప్పగలవా?"

"ఇంకా తెలీదు సార్."

"నాకూ తెలీదు," అంటూ ఆయన ఇంకో సుద్దముక్క తీసుకుని ఆమె పక్కన నిలబడ్డాడు.